మాంటూ టెస్టు 14 మి.మీ., ఎక్స్‌రే క్లియర్. ఇంతకీ టీ కణాలు చేస్తున్న పనేమిటి?

ప్రశ్న: మా అమ్మకి 56 ఏళ్ళు, ఆరేళ్ళుగా రుమటాయిడ్ కీళ్ళవాతం. మెథోట్రెక్సేట్‌కి లొంగడం లేదని అడాలిముమాబ్ ఇంజెక్షన్ మొదలుపెడదామన్నారు. దానికి ముందు చేతికి మాంటూ టెస్టు చేస్తే 14 మిల్లీమీటర్లు వచ్చింది. ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదు. దగ్గు, జ్వరం లేవు. డాక్టరు గారు "క్రిమి ఉంది, జబ్బు లేదు. టీ సెల్స్ కాపలా కాస్తున్నాయి. ఇంజెక్షన్‌కి ముందు టీబీ రాకుండా మాత్రలు వాడాలి" అన్నారు. క్రిమి ఉండి జబ్బు లేకపోవడమేమిటి? కాపలా కాసే బదులు చంపేయొచ్చు కదా? టీ సెల్స్ పెరగడానికి తిప్పతీగ లాంటివి ఇవ్వొచ్చా?

సమాధానం:

మీ డాక్టరు గారు చెప్పింది అక్షరాలా నిజం. కాకపోతే ఓపీ బయట యాభై మంది కూర్చుని ఉన్నప్పుడు ఆ ఒక్క ముక్కని విప్పి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. నేను ముప్పై ఏళ్ళు ఛాతీ వార్డుల్లో పనిచేసి ఈ మధ్యే రిటైరయ్యాను, ఆ తీరిక ఇప్పుడు నాకుంది. కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు టెన్షన్ తగ్గే మాట చెబుతాను. మీ అమ్మగారికి టీబీ జబ్బు ఉందని ఈ 14 మి.మీ. చెప్పడం లేదు. ఎప్పుడో ఒకప్పుడు, బస్సులోనో పెళ్ళిలోనో ఎవరో దగ్గినప్పుడు గాలిలో తేలిన క్రిమి ఆవిడ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. ఆవిడ టీ కణాలు (రోగనిరోధక దళంలోని ఒక రకం తెల్ల రక్తకణాలు) దాన్ని పసిగట్టాయి. ఆ జ్ఞాపకం ఇంకా పోలేదు. రిపోర్టుకి అంతవరకే అర్థం. 2019–21లో జరిగిన జాతీయ టీబీ సర్వేలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో సుమారు 31 శాతం మందికి ఇలా క్రిమి సోకిన గుర్తు ఉందని తేలింది. అంటే మీ వీధిలో ముగ్గురు పెద్దవాళ్ళని లెక్కపెడితే దాదాపు ఒకరు మీ అమ్మగారి బాపతే. వాళ్ళలో జీవితం మొత్తం మీద జబ్బు పడేది నూటికి అయిదు నుంచి పది మంది. మిగతావాళ్ళు ఆ సంగతి తెలియకుండానే ముసలివాళ్ళవుతారు.

ఇక చేతి మీద ఏం జరిగిందో చూద్దాం. టీ కణాల పనిని మామూలు మనిషి వేలితో తడిమి చూడగలిగేది దాదాపు అక్కడే. ముంజేతి లోపలి వైపు చర్మం పొరల్లోకి 0.1 మి.లీ. మందు ఎక్కించి ఉంటారు. అందులో బతికున్న క్రిమి ఉండదు. క్షయ క్రిమిని పెంచి, చంపి, శుద్ధి చేసి తీసిన మాంసకృత్తులు మాత్రమే ఉంటాయి. సూది తీయగానే చిన్న బుడిపె లేస్తుంది, కాసేపట్లో మాయమవుతుంది. అది లెక్కలోకి రాదు. "48 నుంచి 72 గంటల్లో వచ్చి చూపించండి" అని చెప్పి పంపిస్తారు. ఎందుకంత ఆలస్యం? దుమ్ము ఎలర్జీకి చేసే చర్మపరీక్షలో పావుగంట, ఇరవై నిమిషాల్లో దద్దురు లేచిపోతుంది. అక్కడ పనిచేసేవి యాంటీబాడీలు, అవి చర్మంలో ముందే సిద్ధంగా ఉంటాయి. మాంటూలో పనిచేసేవి టీ కణాలు. అవి ఎక్కడో రక్తంలో తిరుగుతూ ఉంటాయి. కబురందాలి, రక్తనాళం గోడ దాటాలి, అక్కడికి చేరాలి, మిగతా కణాలని పిలవాలి. దానికి రెండు మూడు రోజులు పడుతుంది. చర్మం కింద వేలికి తగిలిన ఆ గట్టిదనం ఉంది చూశారూ, అది గుమిగూడిన కణాల గుంపే. అందుకే సిస్టర్ ఎర్రదనాన్ని వదిలేసి గట్టిదనాన్నే కొలుస్తుంది. చాలామంది ఇంటి దగ్గర ఎర్రగా ఉన్న మేరంతా స్కేలు పెట్టి కొలుచుకుని, పాతిక వచ్చిందని గాభరా పడుతుంటారు.

ఈ పరీక్ష పుట్టుక కూడా విచిత్రమే. 1882లో క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాక్, 1890లో ఆ క్రిమి నుంచి ఒక ద్రవం తీసి ఇది క్షయకి మందు అని ప్రకటించాడు. మందుగా అది ఘోరంగా విఫలమైంది. కానీ క్రిమి సోకినవాళ్ళ చర్మంలో అది వాపు తెస్తుందన్న సంగతి మిగిలింది. మరో రెండు దశాబ్దాలకి ఫ్రాన్స్‌లో షార్ల్ మాంటూ దాన్ని చర్మం పొరల్లోకి ఎక్కించే పద్ధతి స్థిరపరిచాడు. మందుగా తిరస్కరించింది పరీక్షగా ఈనాటికీ మన జిల్లా ఆసుపత్రుల్లో నడుస్తోంది.

"చిన్నప్పుడు వేసిన బీసీజీ వల్ల వచ్చిందేమో" అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పసితనంలో వేసిన బీసీజీ (టీబీ టీకా) వల్ల వచ్చే స్పందన చాలామందిలో పదేళ్ళు తిరిగేసరికి తగ్గిపోతుంది. యాభై ఆరేళ్ళ మనిషిలో, అదీ రోగనిరోధక శక్తిని తగ్గించే మెథోట్రెక్సేట్ వాడుతుండగా 14 వచ్చిందంటే దాన్ని బీసీజీ మీదకి నెట్టేయలేం. మామూలుగా మన దగ్గర 10 మి.మీ. గీత. ఇలాంటి మందులు వాడేవాళ్ళలో 5 చాలంటారు. సందేహం తీరాలంటే ఇగ్రా అనే రక్తపరీక్ష ఉంది. బీసీజీలో లేని, క్షయ క్రిమిలో ఉన్న రెండు మాంసకృత్తులని ఆవిడ రక్తంలో కలిపి, టీ కణాలు ఉలిక్కిపడి ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనం వదులుతాయా లేదా అని చూస్తారు. చేతి మీద చేసిన పనే ట్యూబులో చేయడమన్నమాట. (మెథోట్రెక్సేట్ మాట వచ్చింది కాబట్టి: ఆ మందు తయారైన లెడర్లీ సంస్థలో అప్పట్లో పరిశోధనకి పెద్దగా ఉన్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే.)

మీ రెండో ప్రశ్నే అసలైనది. చంపేయొచ్చు కదా? దీనికి జవాబు కావాలంటే టీ కణం చూపు ఎలాంటిదో తెలియాలి. టీ కణం క్రిమిని చూడలేదు. క్రిమి పక్క నుంచే పోతున్నా దానికి పట్టదు. యాంటీబాడీ అయితే క్రిమి ఒంటిని నేరుగా పట్టుకుంటుంది. టీ కణానికి కనిపించేది మన సొంత కణాలు తమ పైపొర మీద పెట్టి చూపించే తునకలే. ఎనిమిది, తొమ్మిది అమైనో ఆమ్లాల నుంచి ఇరవై పైచిలుకు దాకా ఉండే చిన్న ముక్కలవి.

పల్లెటూళ్ళో పెరిగినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఎవరింట్లో ఏం వండుకున్నారో తెలియడానికి లోపలికి వెళ్ళక్కర్లేదు. మర్నాడు పెంటకుప్ప మీద ఎంగిలి విస్తళ్ళు చూస్తే చాలు. మన శరీరంలో ఎర్ర రక్తకణాలు తప్ప దాదాపు ప్రతి కణమూ తన లోపలి మాంసకృత్తులని ఎప్పటికప్పుడు తుంచి, ఆ ముక్కలని వాకిట్లో పెడుతూ ఉంటుంది. ఆ ముక్కని పట్టి చూపించే విస్తరి పేరు హెచ్‌ఎల్‌ఏ. కిడ్నీ మార్పిడికి ముందు "మ్యాచ్ అయిందా" అని చూసేది దీన్నే. టీ కణాలు ఇంటింటి విస్తళ్ళూ చూసుకుంటూ పోతాయి. ఆ ఇంట ఎప్పుడూ వండే కూరే కనిపిస్తే ముందుకి కదులుతాయి, ఎన్నడూ వండనిది కనిపిస్తే ఆగుతాయి. విస్తరీ తునకా రెండూ కలిస్తేనే టీ కణానికి ఆనుతుందన్న సంగతి 1970ల మొదట్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ ఎలుకల మీద తేల్చారు. 1996లో వాళ్ళకి నోబెల్ ఇచ్చారు.

క్షయకి ఈ చూపే ఎందుకు కావాలంటారా? ఆ క్రిమి బయట తిరగదు. ఊపిరితిత్తుల్లోకి వచ్చిన దాన్నల్లా మింగేసే మాక్రోఫేజ్ అనే కణాలుంటాయి. అవి క్షయ క్రిమిని కూడా మింగుతాయి. మింగాక మామూలుగా ఆ సంచిలో ఆమ్లం, ఎంజైములు వచ్చి కలిసి క్రిమి అరిగిపోవాలి. క్షయ క్రిమి ఆ కలయికనే అడ్డుకుంటుంది. తనని తిన్నదాని కడుపులోనే కాపురం పెడుతుంది. కణం లోపలికి యాంటీబాడీ వెళ్ళలేదు. బయట విస్తరి చూసి "లోపల ఎవరో ఉన్నారు" అని పసిగట్టగలిగేది టీ కణం ఒక్కటే.

మరి ఏది ఇంటి కూర, ఏది కాదు అన్నది టీ కణానికి ఎవరు నేర్పారు? టీ అక్షరం వచ్చింది థైమస్ నుంచి. రొమ్ము ఎముక వెనక, గుండెకి పైన ఉండే గ్రంథి అది. పసిపిల్లల్లో పెద్దగా ఉండి, యుక్తవయసు తర్వాత కుంచించుకుపోయి కొవ్వుగా మారుతుంది. 1960 దాకా దానికి పనేమీ లేదనే అనుకునేవారు. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి థైమస్ తీసేస్తే, అవి పెరిగాక మామూలు క్రిములకే లొంగిపోయాయి, వేరే ఎలుక చర్మం అతికించినా తిరస్కరించలేకపోయాయి. ఎముక మజ్జలో పుట్టిన కణాలు ఈ థైమస్‌కి చేరి రెండు వడపోతలు దాటాలి. మొదటిది చేటలో చెరగడం లాంటిది. విస్తరినే గుర్తుపట్టలేని తాలు కణాలు ఎగిరిపోతాయి. రెండోది జల్లెడ. సొంత ఇంటి కూర చూసి రెచ్చిపోయే కణాలు అందులో పోతాయి. నూటికి తొంభై అయిదుకి పైగా కణాలు అక్కడే చనిపోతాయి. ఇంత జల్లించినా కొన్ని జారిపోతూనే ఉంటాయి. వాటిని అదుపులో పెట్టడానికి రెగ్యులేటరీ టీ కణాలని ఇంకో జాతి ఉంది. వాటి మీద పనికే మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకి 2025 నోబెల్ వచ్చింది. మీ అమ్మగారి కీళ్ళవాతంలో దెబ్బతిన్నది సరిగ్గా ఈ అదుపే. కీళ్ళలోని సొంత కణజాలాన్ని పరాయిదిగా పొరబడే దండులో టీ కణాలు కూడా ఉన్నాయి. అంటే ఆవిడ ఒంట్లో ఒకే జాతి కణాలు ఒకచోట కాపలా కాస్తున్నాయి, ఇంకోచోట సొంతింటి మీదే పడుతున్నాయి. మీ డాక్టరు గారి తలనొప్పంతా ఇదే.

థైమస్ దాటి బయటికొచ్చిన కణాలు ఎవరికి దేన్ని పట్టుకునే పని అన్నది లాటరీలా ముందే నిర్ణయమై ఉంటుంది. ఫలానా క్రిమి తునకని గుర్తుపట్టగలిగే కణం లక్షకో, పది లక్షలకో ఒకటి ఉంటుంది. ఊపిరితిత్తుల్లో దొరికిన తునక ఆ ఒక్క కణానికి ఎలా చేరాలి? అందుకే లింఫ్ గ్రంథులున్నాయి. మనవాళ్ళు కాలికి పుండైతే "గజ్జల్లో బిళ్ళ కట్టింది" అంటారు కదా, ఆ బిళ్ళే. డెండ్రైటిక్ కణాలు అనే వార్తాహరులు పుండు దగ్గరి తునకలు మోసుకుని బిళ్ళలోకి వస్తాయి. టీ కణాలు ఒక బిళ్ళ నుంచి ఇంకో బిళ్ళకి తిరుగుతూ ఉంటాయి కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఆ ఒక్కటీ తారసపడుతుంది. తారసపడ్డా వెంటనే లేవదు. బ్యాంకు లాకరుకి రెండు తాళాలు తిప్పినట్టు రెండు సంకేతాలు కావాలి: తునక కనిపించాలి, "నిజంగా ప్రమాదం ఉంది" అని వార్తాహరి విడిగా చెప్పాలి. రెండూ కుదిరాక అది రెండు, నాలుగు, ఎనిమిదిగా చీలుతూ వారం తిరిగేసరికి వేలల్లోకి చేరుతుంది. బిళ్ళ ఉబ్బి నొప్పి పెట్టేది ఆ రద్దీకే. పని అయ్యాక వాటిలో తొంభై శాతానికి పైగా చచ్చిపోతాయి, మిగిలినవే జ్ఞాపకంగా ఏళ్ళ తరబడి ఉంటాయి. మాంటూలో లేచింది అలా మిగిలినవే. (మెడలో నొప్పి లేని బిళ్ళ రెండు మూడు వారాలైనా తగ్గకపోతే మాత్రం చూపించుకోవాలి. పూర్వం గండమాల అన్నది చాలాసార్లు బిళ్ళల టీబీయే.)

క్షయలో ఇదంతా నత్తనడకన సాగుతుంది. పేగుల్లో ఉండే మామూలు బాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంటే, క్షయ క్రిమి రెండవడానికి దాదాపు ఇరవై గంటలు తీసుకుంటుంది. క్రిమి సోకాక మాంటూ పాజిటివ్‌గా మారడానికి రెండు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈలోగా అది నిమ్మళంగా సంసారం పెంచుకుంటుంది. అప్పుడు సీడీ4 రకం టీ కణాలు అక్కడికి చేరతాయి. ఇవి స్వయంగా చంపడం తక్కువ. మాక్రోఫేజ్‌కి ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనం అందించి "నీ కడుపులో ఉన్నదాన్ని అరిగించుకో" అని ఉసిగొల్పుతాయి. చాలా క్రిములు ఆ దెబ్బకి పోతాయి. పోని వాటి చుట్టూ మాక్రోఫేజ్‌లు వలయంగా కూర్చుంటాయి, వాటి చుట్టూ టీ కణాలు. దాన్నే గ్రాన్యులోమా అంటారు. మధ్యలో గాలి ఆడదు, కణాలు చచ్చి జున్నులా మారతాయి. క్రిమి అక్కడ పెరగలేదు, కానీ దాదాపు నిద్రలాంటి స్థితిలో ఏళ్ళ తరబడి ఉండగలదు. నిద్రపోయే క్రిమి కొత్త తునకలు పెద్దగా వదలదు. విస్తరే ఖాళీగా ఉంటే టీ కణం దేన్ని చూసి పట్టుకుంటుంది? చంపేయొచ్చు కదా అన్న ప్రశ్నకి సగం జవాబు ఇదే.

మిగతా సగం జవాబు నాకు పుస్తకాల్లో కంటే వార్డులో బాగా అర్థమైంది. టీ కణాల దెబ్బ క్రిమికే కాదు, మనకీ తగులుతుంది. ఊపిరితిత్తుల్లో టీబీ వల్ల పడే గుంతలు ఉంటాయి కదా, అవి క్రిమి కొరికి చేసినవి కావు. చాలావరకు మన రోగనిరోధక దాడి వల్ల కరిగిన కణజాలమే. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం హెచ్ఐవీకి ఉచిత ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టక ముందు, ఆ తర్వాత కొన్నాళ్ళు కూడా, సీడీ4 లెక్క యాభై, అరవైకి పడిపోయిన హెచ్ఐవీ రోగులు మా వార్డులో ఎప్పుడూ ఉండేవారు. ఆరోగ్యవంతుల్లో ఆ లెక్క మామూలుగా అయిదొందల నుంచి పదిహేనొందలు. వాళ్ళకి మాంటూ చేస్తే చర్మం మీద గీత కూడా లేవదు. ఎక్స్‌రేలో గుంత ఉండదు, కొందరిలో ఎక్స్‌రే అచ్చం మీ అమ్మగారి దానిలా శుభ్రంగా ఉంటుంది. ఒళ్ళంతా మాత్రం క్రిమి. ఒకతను గుర్తున్నాడు, లారీ క్లీనరు. టీబీ మందులు, ఏఆర్‌టీ మొదలుపెట్టిన నెలకి జ్వరం తిరగబెట్టింది, మెడలో బిళ్ళలు నిమ్మకాయలంత అయ్యాయి. వాళ్ళమ్మ నా మీద కేకలేసింది, మందిచ్చి జబ్బు పెంచారని. నిజానికి అతని టీ కణాలు తిరిగొచ్చి, అప్పటిదాకా కనపడని క్రిమి మీద ఒక్కసారిగా పడ్డాయి. కొన్నాళ్ళు స్టెరాయిడ్ ఇచ్చి ఆ దూకుడు తగ్గించాల్సి వచ్చింది. రోగనిరోధక శక్తి రావడం కోసం మందిచ్చి, వచ్చిన దాన్ని తగ్గించడానికి ఇంకో మందు! ఆవిడకి ఎలా చెప్పాలో నాకు అప్పుడు చేతకాలేదు.

కుష్ఠు ఇంకా బాగా చూపిస్తుంది. క్షయ క్రిమికి దాయాది అది. టీ కణాలు గట్టిగా స్పందించే మనిషిలో ఒకటో రెండో స్పర్శ లేని మచ్చలు ఉంటాయి, వాటిలో వెతికినా క్రిమి దొరకదు. అసలు స్పందించని మనిషిలో చెవితమ్మెలు మందంగా అయి, చర్మం గీరి సూక్ష్మదర్శినిలో చూస్తే క్రిములు కుప్పలు. క్రిమి ఒకటే, జబ్బు రూపాలు రెండు. తేడా అంతా టీ కణాలది. పోనీ గట్టిగా స్పందించినవాడు అదృష్టవంతుడా అంటే, వాడి నరాన్ని తొందరగా చంపేది కూడా ఆ గట్టి స్పందనే.

కాబట్టి మీ అమ్మగారి ఊపిరితిత్తుల్లో నడుస్తున్నది యుద్ధం కాదు, రాజీ. క్రిమి లేవదు, కణాలు వలయం వదలవు, ఊపిరితిత్తి పాడవదు.

ఇప్పుడు ఆ ఇంజెక్షన్ సంగతి. ఆ వలయం ఊడిపోకుండా పట్టి ఉంచే రసాయనాల్లో ముఖ్యమైనది టీఎన్ఎఫ్. టీ కణాలు, మాక్రోఫేజ్‌లు రెండూ దాన్ని వదులుతాయి. కీళ్ళలో వాపు, నొప్పి తెచ్చేది కూడా అదే. అడాలిముమాబ్ ఆ టీఎన్ఎఫ్‌ని పట్టి పనిచేయకుండా చేస్తుంది. మోకాళ్ళు హాయిగా ఉంటాయి, వలయం సడలుతుంది. ఇది ఊహ కాదు. 2001లో ఇదే కుటుంబానికి చెందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవాళ్ళలో 70 మందికి టీబీ వచ్చినట్టు వైద్య పత్రికలో వచ్చింది. ఎక్కువమందికి మొదటి మూడు డోసుల లోపే వచ్చింది, సగానికి పైగా ఊపిరితిత్తులకి బయట. ఆ తర్వాతే, మొదలుపెట్టే ముందు పరీక్ష చేసి, పాజిటివ్ అయితే నివారణ మాత్రలివ్వడం పద్ధతిగా మారింది. మీ డాక్టరు గారు చేస్తున్నది అదే. టెస్టు అడగకుండా ఇంజెక్షన్ రాసి ఉంటే అప్పుడు మీరు కంగారు పడాలి.

టీ కణాలంటే టీబీ ఒక్కటే అనుకునేరు. సీడీ8 అనే ఇంకో రకం ఉంది, దానికి రాజీ తెలియదు. వైరస్ దూరిన కణానికి అతుక్కుని, పైపొరకి కన్నం పొడిచి, లోపలికి ఎంజైములు పంపి ఆ కణాన్నే చంపేస్తుంది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్ళలో ఆ వైరస్ పోదు, వెన్ను పక్క నరాల ముడుల్లో దాక్కుంటుంది. దాన్ని అక్కడ అణచి ఉంచేవి టీ కణాలే. యాభై దాటాక అవి వీగితే నడుం చుట్టూ సర్పిగా లేస్తుంది. ఈ కీళ్ళవాతం మందులతో సర్పి ముప్పు కూడా పెరుగుతుంది, దాని టీకా గురించి ఇంజెక్షన్ మొదలవకముందే అడగండి. ఇక తట్టు వైరస్ నేరుగా జ్ఞాపకం ఉన్న కణాల్లోకే దూరుతుంది. 1908లోనే వియన్నా పిల్లల వైద్యుడు ఫాన్ పిర్కే, తట్టు వచ్చిన పిల్లల్లో అంతకుముందు పాజిటివ్‌గా ఉన్న క్షయ చర్మపరీక్ష కొన్నాళ్ళు నెగెటివ్ అయిపోవడం గమనించాడు. కారణం తెలియడానికి దాదాపు వందేళ్ళు పట్టింది.

టీకాతో టీ కణాలకి ముందే నేర్పొచ్చు కదా అంటారేమో. బీసీజీ చేసేది అదే, కొంతవరకు. మన దేశంలో దాని తొలి అడుగుల్లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం పాత్ర పెద్దది. పసిపిల్లల్లో మెదడుకి పాకే టీబీని, ఒళ్ళంతా పాకే టీబీని అది బాగానే ఆపుతుంది. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల టీబీని మాత్రం ఆపలేదని 1968లో తమిళనాడు చెంగల్పట్టులో మొదలైన పెద్ద పరీక్షలో తేలింది. టీకా పడ్డ చేయి మీద మచ్చ ఉంది, టీ కణాలకి జ్ఞాపకం ఉంది, అయినా రక్షణ లేదు. ఎంత జ్ఞాపకం చాలు, ఏ రకం కావాలి అన్నది ఈ రంగంలో ఇప్పటికీ తెగని పంచాయితీ.

తిప్పతీగ దగ్గరికొద్దాం. ఇవ్వకండి. మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఆవిడ జబ్బే టీ కణాలు హద్దు మీరడం. వాటిని ఇంకా రెచ్చగొడతామని చెప్పుకునే మందు నిజంగా పనిచేస్తే కీళ్ళు మండుతాయి, పనిచేయకపోతే డబ్బు దండగ. అంతకంటే ముఖ్యం, కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్ళ గురించి మన దేశపు కాలేయ వైద్యులే పత్రికల్లో రాశారు. ఆవిడ మెథోట్రెక్సేట్‌లో ఉన్నారు, రేపు టీబీ నివారణ మాత్ర ఐసోనియాజిడ్ తోడవుతుంది. రెండూ కాలేయం మీద బరువే. మూడోది ఎందుకు? క్యాన్సర్‌లో టీ కణాల బ్రేకు తీసేసే మందులు వాడినవాళ్ళలో కూడా కొందరికి నిద్రపోతున్న టీబీ లేచింది. ఈ కణాల విషయంలో ఎక్కువ అంటే మంచిది అని కాదు.

నిజంగా తేడా తెచ్చేది అన్నం పళ్ళెం. పోషణ లేకపోతే థైమస్సే కరిగిపోతుంది. ఝార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్ళల్లో మిగతావాళ్ళకి బియ్యం, పప్పు లాంటివి నెలనెలా ఇచ్చి చూసిన అధ్యయనం 2023లో వచ్చింది. ఆ ఇళ్ళలో కొత్తగా టీబీ దాదాపు 40 శాతం తగ్గింది. టీకా కాదు, మందు కాదు, తిండి. మీ అమ్మగారు నొప్పుల వల్ల సరిగ్గా తినకుండా బరువు తగ్గుతుంటే దాన్ని చూడండి. రోజూ గుడ్డో, పప్పో, పెరుగో పడాలి. షుగర్ ఉంటే అదుపులో ఉండాలి, షుగర్ ఉన్నవాళ్ళలో టీబీ ముప్పు రెండు మూడు రెట్లు.

మాత్రల విషయానికొస్తే, మొదట జబ్బు లేదని గట్టిగా తేల్చుకోవాలి. దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, మెడలో బిళ్ళలు, వీటిలో ఏది ఉన్నా దాచకుండా చెప్పండి. లోపల అసలు జబ్బే ఉంటే ఒకటి రెండు మందులతో సరిపెట్టడం క్రిమికి మందు అలవాటు చేసినట్టే. లేదని తేలితే ఐసోనియాజిడ్ రోజూ ఆరు నెలలు, లేదా ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికోసారి పన్నెండు వారాలు. సాధారణంగా ఒక నెల గడిచాక ఇంజెక్షన్ మొదలుపెడతారు. బీ6 మాత్ర తోడు ఇస్తారు, కాళ్ళలో తిమ్మిర్లు రాకుండా. రిఫాపెంటిన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడకండి. ఆవిడ స్టెరాయిడ్ కూడా వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి, రిఫాపెంటిన్ జాతి మందులు దాని బలం తగ్గిస్తాయి. కళ్ళు పచ్చబడినా, అన్నం వెగటు పుట్టినా, వాంతులైనా మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

ఒక్క సంగతి మర్చిపోయాను. కోర్సు అయ్యాక "తగ్గిందో లేదో చూద్దాం" అని మళ్ళీ మాంటూ చేయించకండి. మాత్రలు చంపేది క్రిమిని, టీ కణాల జ్ఞాపకాన్ని కాదు. అది అప్పటికీ పాజిటివ్‌గానే వస్తుంది, ఎవరో తెలియక మళ్ళీ మొదటి నుంచి మందులు మొదలుపెట్టినా పెడతారు. ఇప్పటి రిపోర్టు, వాడిన మాత్రల తేదీలు ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, డాక్టరు మారినప్పుడల్లా ముందు అది చూపించండి.